సైన్యాన్ని వెనక్కి పిలవాలా? జవాన్లు ఏమన్నారు

1990 మార్చి 24న శ్రీలంకలోని ట్రింకోమలీ రేవులో భారత శాంతి పరిరక్షక దళానికి చెందిన చివరి జవాన్లు ఓడ ఎక్కారు. రెండేళ్ల ఎనిమిది నెలల్లో 1,100 మందికి పైగా సహచరులను పోగొట్టుకున్న సైన్యం అది. సుమారు మూడు వేల మంది గాయపడ్డారు. మద్రాసు రేవులో వారిని ఆహ్వానించడానికి నాటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళుల మీద తుపాకీ ఎత్తిన సైన్యానికి స్వాగతం పలకలేనన్నది ఆయన వాదన. వెళ్లమన్నది దేశమే, పోరాడమన్నది దేశమే, వచ్చేయమన్నదీ దేశమే. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ జవాను తీసుకున్న నిర్ణయం కాదు. చివరికి మాట పడింది మాత్రం అతనే.

యుద్ధం నుంచి సైన్యాన్ని వెనక్కి పిలవాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఇరుపక్షాలూ జవాను పేరే చెబుతాయి. మన పిల్లలు అక్కడ చనిపోతున్నారు, రప్పించండి అని ఒకరంటారు. చనిపోయినవారి త్యాగం వృథా కాకూడదు, ఉండనివ్వండి అని ఇంకొకరంటారు. మరి అక్కడ కాపలా కాస్తున్నవాడు ఏమన్నాడు? గత అరవై ఏళ్లలో ఈ ప్రశ్నకు సాక్ష్యం బాగానే పోగుపడింది. సర్వేలున్నాయి, అర్జీలున్నాయి, పత్రికా వ్యాసాలు, వాంగ్మూలాలు, రిటైరైన సేనాధిపతుల పుస్తకాలు ఉన్నాయి. వాటిని వరసగా చూస్తే జవాన్లందరిదీ ఒకే మాట కాదని తేలుతుంది. కానీ వచ్చేద్దామన్నవారూ, ఉండి తీరాలన్నవారూ పాలకులను నిలదీసిన విషయాలు దాదాపు ఒక్కటే. మేం చేయాల్సిన పని ఏమిటి? అది పూర్తయిందని ఎలా తెలుస్తుంది? మమ్మల్ని నమ్మి మాతో నడిచినవారి గతి ఏమిటి?

జవాను అంటే ఒక్కడు కాదు

1961 ఏప్రిల్‌లో అల్జీరియాలో జరిగినది దీనికి మంచి ఉదాహరణ. అప్పటికి ఆరున్నరేళ్లుగా ఫ్రాన్స్ అక్కడ స్వాతంత్ర్య పోరాటాన్ని అణచివేసే యుద్ధం చేస్తోంది. అధ్యక్షుడు డిగాల్ అల్జీరియాకు స్వయం నిర్ణయాధికారం ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. ఆ ఏడాది జనవరిలో జరిగిన రెఫరెండంలో ఫ్రెంచి ప్రజలు అందుకు ఒప్పుకున్నారు. ఏప్రిల్ 21 రాత్రి షాల్ తదితర జనరళ్లు తిరుగుబాటు చేసి అల్జీర్స్ నగరాన్ని పట్టుకున్నారు. సైన్యం ఆ నేలను వదిలి రాకూడదన్నది వారి పట్టు.

23వ తేదీ రాత్రి డిగాల్ సైనిక దుస్తుల్లో టీవీలోను, రేడియోలోను మాట్లాడాడు. తిరుగుబాటుదారుల ఆజ్ఞలు పాటించవద్దన్నాడు. అప్పుడప్పుడే చవకగా దొరుకుతున్న చిన్న ట్రాన్సిస్టర్లు బారకాసుల్లో ఉన్న నిర్బంధ సైనికుల చేతుల్లో ఉన్నాయి. ఇళ్లూ చదువులూ వదిలి, చట్టం ఈడ్చుకొస్తే వచ్చిన కుర్రాళ్లు వాళ్లు. ఆ ప్రసంగం విన్నాక చాలాచోట్ల జనరళ్ల ఆజ్ఞలకు కదలలేదు. నాలుగు రోజుల్లో తిరుగుబాటు చల్లారిపోయింది. యుద్ధం ఒక్కటే, యూనిఫామూ ఒక్కటే. వృత్తిగా సైన్యంలో ఉన్న పారాట్రూపు అధికారికి వెనక్కి రావడం ద్రోహంగా కనిపించింది. నిర్బంధంగా వచ్చిన కుర్రాడికి అది విడుదలగా కనిపించింది.

ఇలాంటి తేడాయే 45 ఏళ్ల తర్వాత ఇరాక్‌లో అంకెల్లో బయటపడింది. 2006 ఆరంభంలో అమెరికాలోని లె మోయిన్ కాలేజీ, జాగ్బీ సంస్థ కలిసి ఇరాక్‌లో ఉన్న 944 మంది అమెరికన్ సైనికులను అడిగాయి. ఏడాదిలోపు అమెరికా అక్కడి నుంచి బయటపడాలని 72 శాతం మంది చెప్పారు. అడిగిన మొత్తం మందిలో 29 శాతం వెంటనే అన్నారు. అవసరమైనంత కాలం ఉండాలన్నవారు 23 శాతమే. ఏడాదిలోపు రావాలన్నవారు రిజర్వు దళాల్లో 89 శాతం కాగా, మెరైన్లలో 58 శాతం. ఉద్యోగం, సంసారం వదిలి తాత్కాలికంగా వచ్చిన రిజర్విస్టు ఒకలా ఆలోచించాడు, పోరాటమే వృత్తిగా ఎంచుకున్న మెరైన్ ఇంకోలా ఆలోచించాడు.

ఆ సర్వేలో మరో అంకె ఇంకా కలవరపెడుతుంది. సెప్టెంబరు 11 దాడుల్లో సద్దాం పాత్రకు ప్రతీకారంగానే ప్రధానంగా తాము ఇక్కడ ఉన్నామని 85 శాతం మంది నమ్మారు. సద్దాంకు ఆ దాడులతో సంబంధం లేదు. ప్రాణం పణంగా పెట్టినవాడికి తాను ఎందుకు అక్కడున్నాడో కూడా ఎవరూ సరిగా చెప్పలేదన్నమాట.

వచ్చేద్దామన్నవారు

వియత్నాంలో 1969 నాటికి అమెరికన్ సైనికుల సంఖ్య ఐదు లక్షల నలభై వేలు దాటింది. ఆ ఏడాదే నిక్సన్ యుద్ధాన్ని దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పగిస్తూ తమవారిని విడతలుగా వెనక్కి రప్పించడం మొదలుపెట్టాడు. జవాన్ల మనసులో అసలు సమస్య అక్కడే పుట్టింది. దేశం ఎలాగూ వెళ్లిపోతోంది, గెలుపు ఇక లక్ష్యం కాదు. అలాంటప్పుడు రేపటి గస్తీలో చనిపోవడం దేనికి? 1971 ఏప్రిల్ 22న సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ ముందు మాజీ నౌకాదళ లెఫ్టినెంటు జాన్ కెరీ సూటిగా ఇదే అడిగాడు. ఒక పొరపాటు కోసం చనిపోయే ఆఖరి మనిషివి కమ్మని ఒకరిని ఎలా అడుగుతారన్నది ఆయన ప్రశ్న. మర్నాడు వందలాది మాజీ సైనికులు తమ పతకాలను పార్లమెంటు భవనం మెట్ల దగ్గర విసిరేశారు. అదే ఏడాది జూన్‌లో కర్నల్ రాబర్ట్ హైన్ల్ సైనిక పత్రిక ఒకదానిలో, వియత్నాంలోని సైన్యం లోపల్నుంచి కూలిపోతోందని రాశాడు. ఆజ్ఞల ధిక్కారం, మాదకద్రవ్యాలు, సొంత అధికారుల మీదికే గ్రెనేడ్లు విసరడం గురించి దాచకుండా చెప్పాడు. ఆయన యుద్ధ వ్యతిరేకి కాదు, మెరైన్ కోర్‌లో జీవితం గడిపినవాడు.

ఇరాక్‌లో యుద్ధం సాగుతుండగా అమెరికన్ సైనికులు 2006లో చట్టం ఇచ్చిన దారి పట్టారు. చట్టసభలోని తన ప్రతినిధికి రాసుకునే హక్కు అమెరికన్ సైనికుడికి ఉంది. ఆ హక్కును ఆధారం చేసుకుని, సైన్యాన్ని వెనక్కి పిలవమని కోరే అర్జీ మీద సర్వీసులో ఉన్నవారే వందల్లో, తర్వాత వేలల్లో సంతకాలు పెట్టారు.

మరుసటి ఏడాది ఆగస్టు 19న న్యూయార్క్ టైమ్స్‌లో ఏడుగురు సైనికుల వ్యాసం వచ్చింది. 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు చెందిన ఆ ఏడుగురూ అప్పటికి పదిహేను నెలల విధుల ముగింపులో బాగ్దాద్‌లో ఉన్నారు. మనం శిక్షణ ఇచ్చిన ఇరాకీ పోలీసులు, సైనికుల కళ్ల ముందే మన మీద పేలే బాంబులు అమరుతున్నాయని వారు రాశారు. ఇక్కడి జనం మనల్ని విమోచకులుగా కాక ఆక్రమణదారులుగా చూస్తున్నారన్నారు. అయినా అప్పగించిన పని చివరిదాకా చేస్తామని కూడా అదే వ్యాసంలో చెప్పారు. వ్యాసం తయారవుతున్న రోజుల్లోనే ఏడుగురిలో ఒకరికి తలలో తూటా దిగింది, ఆయన బతికారు. అచ్చయిన మూడు వారాలకు, సెప్టెంబరు 10న, ఇంకో ఇద్దరు బాగ్దాద్‌లో వాహన ప్రమాదంలో చనిపోయారు. వెనక్కి రావాలని వాదించినంత మాత్రాన విధి నుంచి తప్పుకున్నట్టు కాదనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

ఉండి తీరాలన్నవారు

ఉండాలన్న సైనికుడి వాదనను యుద్ధోన్మాదం అని కొట్టిపారేయడం తేలిక. అది న్యాయం కాదు. అతని వాదనకు రెండు కాళ్లున్నాయి.

ఒకటి, రక్తం పోసి సంపాదించిన నేల. 1965 ఆగస్టు 28న మేజర్ రంజిత్ సింగ్ దయాల్ నాయకత్వంలో 1 పారా జవాన్లు పాకిస్తాన్‌తో యుద్ధంలో కశ్మీర్‌లోని హాజీపీర్ కనుమను పట్టుకున్నారు. వానలో, రాత్రంతా నిట్టనిలువు కొండ ఎక్కి సాధించిన విజయం అది. దయాల్‌కు మహావీర్ చక్ర వచ్చింది. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇరు సైన్యాలూ యుద్ధానికి ముందున్న చోటికి వెళ్లాలి. కనుమ తిరిగి పాకిస్తాన్ చేతికి పోయింది. దాన్ని ఇచ్చేయడం పొరపాటని తర్వాతి కాలంలో దయాల్ బాహాటంగానే అన్నారు. సియాచిన్ విషయంలో భారత సైన్యం ఇప్పటికీ గట్టిగా నిలబడటానికి వెనక ఇలాంటి అనుభవమే ఉంది. 1984 నుంచి అక్కడ తూటాల కంటే చలి, మంచు చరియలే ఎక్కువ మందిని పొట్టనబెట్టుకున్నాయి. 2016 ఫిబ్రవరి 3న మంచు కింద సమాధి అయిన పదిమంది మద్రాసు రెజిమెంటు జవాన్లలో కర్నూలు జిల్లా బిడ్డ కూడా ఉన్నాడు. అయినా ప్రస్తుతం ఎవరు ఎక్కడున్నారో మ్యాపు మీద గుర్తించి సంతకం పెట్టనిదే దిగి రాకూడదన్నది సైన్యం మాట. మళ్లీ ఎక్కాల్సి వస్తే ఎంతమందిని పోగొట్టుకోవాలో ఎక్కినవాడికే తెలుసు.

రెండో కాలు ఇంకా బరువైనది. స్థానికులకు ఇచ్చిన మాట. అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం పక్కన పోరాడిన ముస్లింలను హర్కీలు అనేవారు. 1962 మార్చి ఒప్పందం తర్వాత వారి ఆయుధాలు తీసేసుకుని చాలామందిని అక్కడే వదిలేశారు. వేలాది మంది ప్రతీకారానికి బలయ్యారు. కొందరు ఫ్రెంచి అధికారులు పై ఆజ్ఞలు మీరి తమ హర్కీలను ఓడల్లో తీసుకొచ్చారు. 2000 మే 24న ఇజ్రాయెల్ దక్షిణ లెబనాన్ నుంచి రాత్రికి రాత్రి వచ్చేసినప్పుడు దాని మిత్రదళమైన దక్షిణ లెబనాన్ సైన్యం రోజుల వ్యవధిలోనే కుప్పకూలింది, వేలాది మంది కుటుంబాలతో సరిహద్దుకు పరుగెత్తారు. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోతుంటే, ఎప్పుడో ఇంటికొచ్చేసిన అమెరికన్ మాజీ సైనికులు రాత్రింబవళ్లు ఫోన్లు పట్టుకుని తమ దుబాసీలను విమానాశ్రయం గేటు దాకా చేర్చడానికి పాట్లు పడ్డారు. ప్రభుత్వం మరచిన మాటను వాళ్లు తమ సొంత అప్పుగా తలకెత్తుకున్నారు.

అయితే అఫ్గాన్ యుద్ధం విలువైనదని ఈ మాజీ సైనికులంతా అనుకున్నారా? లేదు. 2019లో ప్యూ పరిశోధన సంస్థ అడిగినప్పుడు అమెరికన్ మాజీ సైనికుల్లో 58 శాతం అఫ్గాన్ యుద్ధం, 64 శాతం ఇరాక్ యుద్ధం చేయదగినవి కావన్నారు. సాధారణ ప్రజల అంకెలూ దాదాపు అంతే. యుద్ధం తప్పని అంటూనే వదిలేసి వచ్చిన తీరు అన్యాయమని అనడంలో వైరుధ్యం లేదు.

జాఫ్నా పాఠం

ఈ ప్రశ్నలన్నీ ఒక్కచోట పోగైన కథ మన సైన్యానిదే. 1987 జూలై 29న కొలంబోలో ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే తమిళ సమస్యపై ఒప్పందం చేసుకున్నారు. మర్నాడే మన దళాలు జాఫ్నా దగ్గరి పలాలీలో దిగడం మొదలైంది. ముందుగా వెళ్లినది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్, దాని కమాండర్ మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్. వేర్పాటువాద తమిళ పులుల ఆయుధాల అప్పగింతను పర్యవేక్షించడం వారికి చెప్పిన పని. జనం పూలదండలతో ఎదురొచ్చారు.

అక్టోబరు మొదట్లో శ్రీలంక నౌకాదళానికి 17 మంది పులులు పట్టుబడ్డారు. వారిని కొలంబోకు తరలించబోతుంటే సైనైడ్ మింగారు, 12 మంది చనిపోయారు. అంతటితో ఒప్పందం తెగిపోయింది. కాపలాకు వెళ్లిన సైన్యానికి యుద్ధం చేయమని ఆజ్ఞ వచ్చింది.

అక్టోబరు 11 అర్ధరాత్రి దాటాక జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలోకి హెలికాప్టర్లు దిగాయి. అక్కడి పులుల ప్రధాన స్థావరం మీద మెరుపుదాడి చేయాలన్నది పథకం. పులులు ముందే పసిగట్టి కాచుక్కూర్చున్నారు. 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన 30 మంది దిగేసరికి నలువైపుల నుంచి కాల్పులు మొదలయ్యాయి. మిగతా దళాన్ని దించడం హెలికాప్టర్లకు సాధ్యం కాలేదు. ఆ 30 మందీ తెల్లవారి మధ్యాహ్నం దాకా, తూటాలు అయిపోయేదాకా పోరాడారు. 29 మంది చనిపోయారు, ఒకరు బందీ అయ్యారు. ఆ దాడికే దిగిన పారా కమాండోలను కాపాడటానికి టాంకులు మందుపాతరలున్న రోడ్లు వదిలి రైలు పట్టాల వెంట వెళ్లాల్సి వచ్చింది. అదే నెల 21, 22 తేదీల్లో జాఫ్నా ఆసుపత్రిలోకి మన సైన్యం ప్రవేశించినప్పుడు రోగులు, వైద్యులు, సిబ్బంది కలిపి 60 మందికి పైగా చనిపోయారు. స్పష్టత లేని యుద్ధంలోకి జవానును నెట్టినప్పుడు ప్రాణాలు పోగొట్టుకునేది అతనొక్కడే కాదు.

1989 జూన్‌లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస భారత సైన్యం జూలై నెలాఖరుకు వెళ్లిపోవాలన్నాడు. మన సైన్యంతో పోరాడమని పులులకు ఆయన ప్రభుత్వమే ఆయుధాలు అందించింది. ఏ ప్రభుత్వం పిలిస్తే వెళ్లారో ఆ ప్రభుత్వమే శత్రువుకు తుపాకులిస్తుంటే అడవిలో గస్తీ తిరిగే జవాను ఎవరి కోసం పోరాడాలి? రాజకీయ లక్ష్యం లేకపోవడమే మూలకారణమని హర్‌కీరత్ సింగ్ తర్వాత తన పుస్తకంలో తీవ్రంగా విమర్శించారు. ఢిల్లీలో వి.పి.సింగ్ ప్రభుత్వం వచ్చాక ఉపసంహరణ పూర్తయింది. మన అండతో శ్రీలంక ఈశాన్య ప్రావిన్సు ముఖ్యమంత్రి అయిన వరదరాజ పెరుమాళ్ భారత్‌కు పారిపోయి వచ్చారు. మనల్ని నమ్మి ఆయుధాలు పట్టిన తమిళ యువకులను పులులు వెంటాడి చంపారు. పెరుమాళ్ పార్టీ నాయకుడు పద్మనాభ 1990 జూన్‌లో మద్రాసు నడిబొడ్డునే హత్యకు గురయ్యారు.

వెనక్కి రావడం సరైనదే. అక్కడ ఇంకా నిలవడానికి కారణం మిగల్లేదు. కానీ వెళ్లేటప్పుడు అడగని ప్రశ్నలు వచ్చేటప్పుడూ అడగలేదు.

సేనాధిపతులు ఏం చేశారు?

జనరళ్లు ఎప్పుడూ యుద్ధమే కోరుకుంటారన్నది తప్పుడు అభిప్రాయం. 1979 డిసెంబరులో అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లవద్దని సోవియట్ ప్రధాన సేనాధిపతి ఒగార్కోవ్, ఆయన సహాయకులు అక్రొమేయెవ్, వారెన్నికోవ్ రాజకీయ నాయకత్వానికి చెప్పి చూశారు. వినలేదు. ఏడేళ్ల తర్వాత, 1986 నవంబరులో పొలిట్‌బ్యూరో ముందు అక్రొమేయెవ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. సోవియట్ జవాను అడుగుపెట్టని నేల అక్కడ లేదు, అయినా దేశంలో అధిక భాగం తిరుగుబాటుదారుల చేతుల్లోనే ఉందన్నాడు. 1989 ఫిబ్రవరి 15న జనరల్ గ్రోమోవ్ తెర్మెజ్ వంతెన దాటి చివరగా వెనక్కి వచ్చేనాటికి సుమారు 15 వేల మంది సోవియట్ సైనికులు చనిపోయారు.

2021లో అమెరికా జనరల్ మార్క్ మిల్లీది మరో స్థితి. అఫ్గానిస్తాన్‌లో 2,500 మందిని ఉంచాలన్నది తన అభిప్రాయమని సెప్టెంబరు 28న సెనేట్ కమిటీకి చెప్పారు. వినకపోతే రాజీనామా చేయాల్సింది కదా అని ఒక సెనేటర్ నిలదీశారు. ఐవో జిమాలో పోరాడిన తన తండ్రికీ, కాబూల్ విమానాశ్రయం గేటు దగ్గరున్న కుర్రాళ్లకూ రాజీనామా చేసే వీలు లేదన్నది ఆయన జవాబు. అంతకు నెల ముందు మెరైన్ లెఫ్టినెంట్ కర్నల్ స్టూవర్ట్ షెల్లర్ మాత్రం, 13 మంది అమెరికన్ సైనికులు చనిపోయిన ఆగస్టు 26 నాటి కాబూల్ పేలుడు తర్వాత, పై అధికారులు బాధ్యత వహించాలని వీడియోలో డిమాండ్ చేశాడు. కోర్టు మార్షల్ ఎదుర్కొని ఉద్యోగం వదులుకున్నాడు. ఆయన వ్యతిరేకించింది ఉపసంహరణను కాదు. అంత అస్తవ్యస్తంగా జరిపించి, ఎవరూ తప్పు ఒప్పుకోకపోవడాన్ని.

వెనక్కి రావడమూ పోరాటమే

మంచిగా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మూడు నెలలు తిరగకుండానే, 1972 మార్చి 12న, ఢాకా స్టేడియంలో వీడ్కోలు కవాతు చేసి భారత సైన్యం వచ్చేసింది. లక్ష్యం ముందే స్పష్టంగా ఉంది, అది నెరవేరింది, బాధ్యత తీసుకునే ప్రభుత్వం అక్కడ సిద్ధంగా ఉంది. మూడూ కుదిరాయి కాబట్టి ఆ జవాను తలెత్తుకుని తిరిగొచ్చాడు.

అన్నిసార్లూ అలా కుదరదు. 2020 జూన్ 15 తెలుగువారు మరచిపోలేని తేదీ. లద్దాఖ్‌లోని గల్వాన్‌లో ఇరు సైన్యాలూ వెనక్కి తగ్గాలని జూన్ 6న కమాండర్ల స్థాయిలో అంగీకారం కుదిరింది. చైనావారు నిజంగా తప్పుకున్నారో లేదో చూడటానికి వెళ్లినప్పుడే ఘర్షణ మొదలైంది. 16 బిహార్ కమాండింగ్ అధికారి, సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థి కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సహా 20 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఢిల్లీలో, బీజింగ్‌లో కాగితం మీద ఉపసంహరణ ఒక వాక్యం. ఆ వాక్యం అమలయిందో లేదో చీకట్లో, చలిలో చూసి రావాల్సింది మాత్రం జవానే.

ఎవరు వినాలి?

వెనక్కి పిలిచే నిర్ణయం ఎన్నికైన ప్రభుత్వానిదే. అది సైన్యం చేతికి పోతే ఏమవుతుందో అల్జీర్స్ చూపించింది. భారత జవాను ముందస్తు అనుమతి లేకుండా యుద్ధం గురించి పత్రికలకు రాయడానికి వీల్లేదు. రాజ్యాంగంలోని 33వ అధికరణం, 1954 నాటి సైనిక నియమాలు ఆ హక్కును పరిమితం చేశాయి. సర్వీసులో ఉన్నవారికి ఈ క్రమశిక్షణ అవసరమే. కానీ అతని నోరు చట్టం మూసినప్పుడు, అతని అనుభవాన్ని అడిగి తెలుసుకునే బాధ్యత ప్రభుత్వానికి రెట్టింపవుతుంది.

ఇరాక్ యుద్ధంలో తమ పాత్రపై బ్రిటన్ చిల్కాట్ విచారణ జరిపింది. 2016 జూలై 6న 12 సంపుటాల నివేదిక బయటపెట్టింది. మృతుల కుటుంబాలను, మాజీ సైనికులను ఆ కమిటీ కలిసింది. బలహీనమైన వాహనాల్లో గస్తీకి పంపిన సంగతితో సహా వైఫల్యాలు అందరి ముందూ పెట్టింది. మన దగ్గర 1962 యుద్ధం మీది హెండర్సన్ బ్రూక్స్ నివేదికనే ఇప్పటికీ ప్రభుత్వం విడుదల చేయలేదు.

శ్రీలంకలో పోరాడిన జవాన్లలో అప్పుడు ఇరవయ్యేళ్లవారికి ఇప్పుడు అరవై దగ్గర పడుతోంది. మద్రాసు రెజిమెంటులోను, ఇతర దళాల్లోను తెలుగు ఊళ్ల నుంచి వెళ్లినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. పశ్చిమ గోదావరిలో తరతరాలుగా ఇంటికొకరిని సైన్యానికి పంపిన మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల సైనిక సంక్షేమ శాఖలు, విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు ఈ మాజీ సైనికుల దగ్గరికి వెళ్లి వారి మాటను వారి గొంతులోనే రికార్డు చేయాలి. మీకు చెప్పిన పని ఏమిటి, చేసిన పని ఏమిటి, రమ్మన్నప్పుడు ఏమనిపించింది అని అడగాలి. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం దళాలను విదేశాలకు పంపే ప్రతి నిర్ణయానికి ముందు ఆ సాక్ష్యాన్ని చదవాలి. మీ ఊళ్లో అలాంటి మాజీ సైనికుడుంటే, ఆ పని ప్రభుత్వం మొదలుపెట్టేదాకా ఆగకుండా మీరే వెళ్లి అడగండి.